బండి అమ్మేశాం, మరి ఇన్సూరెన్స్ ఎవరిది?

మార్చి మొదటి వారంలో మా బావ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. పాత కారు పాలసీ పది రోజుల్లో అయిపోతోంది, రెన్యువల్ చేసుకోండి అని. "అమ్మేసి నాలుగు నెలలైంది, ఇంకా పంపుతూనే ఉన్నారు" అంటూ డిలీట్ చేయబోయాడు. పక్కనే ఉన్నాను కాబట్టి ఆపాను.

"ఆర్‌సీ మారిందా బావా?"

"నవంబర్‌లోనే సంతకాలన్నీ పెట్టేశాను కదరా. కొన్న పాత కార్ల కన్సల్టెన్సీ వాళ్ళే మార్పించుకుంటామన్నారు."

ఫోన్‌లోనే బండి నంబర్ కొట్టి చూశాం. ఓనర్ పేరులో సగం అక్షరాల చోట చుక్కలే ఉన్నా, మిగిలిన సగం చూస్తే చాలు. అది మా బావ పేరే. బండి ఎక్కడుందో, ఎవరు తోలుతున్నారో మాకు తెలియదు. చట్టం దృష్టిలో మాత్రం ఆ కారు ఇంకా ఆయనదే. పది రోజులు దాటితే దానికి ఇన్సూరెన్స్ కూడా ఉండదు.

కొత్త కారు కొని పాతది అమ్మే ప్రతి ఇంట్లో ఇలాంటి పది రోజులు ఏదో ఒకప్పుడు వస్తాయి. చాలామందికి వచ్చినట్టు కూడా తెలియదు. ఏమీ జరగకపోతే అదృష్టం. జరిగితే మాత్రం కోర్టు నోటీసు పాత ఓనర్ ఇంటికే వస్తుంది. ఈ చిక్కు ఎక్కడ పడుతుందో తెలిస్తే విప్పుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

చిక్కంతా ఇన్సూరెన్స్ కాగితం ఒక్కటే కావడం వల్ల వస్తుంది. చూడటానికి ఒక్కటే పాలసీ, ఒక్కటే నంబర్. కానీ అందులో వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఇచ్చే థర్డ్ పార్టీ కవర్ ఒకటి. మన బండికి జరిగే డ్యామేజీకి, దొంగతనానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ కవర్ మరొకటి. ఇన్నేళ్ళూ క్లెయిమ్ లేకుండా నడిపినందుకు మనం కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) ఇంకొకటి. బండి మన దగ్గర ఉన్నంతకాలం ఇవన్నీ కలిసే ఉంటాయి. అమ్మిన రోజు నుంచి ఒక్కోటి ఒక్కో దారి పడుతుంది. మొదటిది బండితో వెళ్తుంది. రెండోది ఎటూ కాకుండా మధ్యలో ఆగిపోతుంది. మూడోది మనతోనే ఉంటుంది, అది కూడా అడిగి తీసుకుంటేనే.

బోనస్ మీది, బండిది కాదు

డబ్బు మిగిలేది ఇక్కడ కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. రెండేళ్ళకి 25, మూడేళ్ళకి 35, నాలుగేళ్ళకి 45, అయిదేళ్ళకి 50 శాతం. అక్కడితో ఆగుతుంది. థర్డ్ పార్టీ ప్రీమియం మీద ఈ తగ్గింపు ఉండదు. మధ్యలో ఒక్క క్లెయిమ్ వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ బోనస్ జాగ్రత్తగా నడిపిన మనిషికి ఇచ్చేది. అందుకే బండి అమ్మినా కొన్నవాళ్ళకి వెళ్ళదు, కొత్త కారుకి వాడుకోవచ్చు. కారు బోనస్ కారుకే, బైక్ బోనస్ బైక్‌కే చెల్లుతుంది. వెంటనే కొత్త బండి కొనకపోయినా, పాత కంపెనీ నుంచి బోనస్ సర్టిఫికెట్ తీసి పెట్టుకుంటే మూడేళ్ళ వరకు పనికొస్తుంది.

కొత్త కారు ముందు కొని, పాతది తర్వాత అమ్మేవాళ్ళకే ఇక్కడ ఇబ్బంది. బోనస్ ఒకేసారి రెండు కార్లకి పనిచేయదు. పాత కారు పాలసీలో 50 శాతం బోనస్ నడుస్తుండగా, అదే బోనస్ కొత్త కారుకి చూపించకూడదు. షోరూమ్‌లో చాలామంది సరిగ్గా ఈ తప్పే చేస్తారు, తెలియకుండానే.

మా బావ దసరాకి కారు తీసుకున్నాడు. విజయదశమి రోజు ముహూర్తం, పొద్దున తొమ్మిదిన్నర లోపు బండి గుడి దగ్గర ఉండాలి. రెండు రోజుల ముందు షోరూమ్‌లో కూర్చుంటే ఒకబ్బాయి ఇన్సూరెన్స్ ఫారం ముందు పెట్టి, "పాత కారుకి ఎన్‌సీబీ ఎంతుంది సార్? 50 ఉందా? ఇక్కడ సంతకం పెట్టండి, పన్నెండు వేలు తగ్గుతుంది" అన్నాడు. పాత కారు అప్పటికి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది. దాని పాలసీ ఇంకా అయిదు నెలలుంది. ఆ ఫారంలో కింద చిన్న అక్షరాల్లో ఏముందంటే, నేను చెప్పిన బోనస్ వివరం తప్పని తేలితే ఓన్ డ్యామేజ్ కింద నాకు రావలసిన ప్రయోజనాలన్నీ పోతాయి అని. అంటే ఇవాళ పన్నెండు వేలు తగ్గించుకుని, రేపు లక్షల క్లెయిమ్ వదులుకోవడానికి సంతకం పెట్టడమే. బండికి ఏదైనా అయినప్పుడు కంపెనీ పాత పాలసీ రికార్డు తీయక మానదు.

సరైన దారి వేరే ఉంది. పాత కారు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, కొత్త కారు కొంటున్నాం, బోనస్ విడదీసి సర్టిఫికెట్ ఇవ్వండి అని అడగాలి. కొన్ని కంపెనీలు అమ్మినట్టు రుజువు కావాలంటాయి. ఓనర్ పేరు మార్పుకి ఇచ్చే ఫారం 29, 30 కాపీలు, బండి అప్పజెప్పినట్టు రాసుకున్న డెలివరీ నోట్ చూపించాలి. కొన్ని మాత్రం పాత పాలసీలో ఇచ్చిన బోనస్‌ని మిగిలిన నెలలకి లెక్కకట్టి వెనక్కి కట్టించుకుని, సర్టిఫికెట్ ముందే ఇస్తాయి. పాత పాలసీ అలాగే నడుస్తుంది, అందులో బోనస్ మాత్రం సున్నా అవుతుంది.

మా లెక్క చూడండి. పాత కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 6,000. సగం బోనస్ పోను 3,000 కట్టాం. అయిదు నెలలు మిగిలి ఉంది కాబట్టి తగ్గించిన 3,000లో పన్నెండింట అయిదు వంతులు, అంటే 1,250, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,475 రూపాయలు కట్టాం. కొత్త కారు ఓన్ డ్యామేజ్ 24,000. అందులో సగం 12,000, జీఎస్టీతో కలిపి 14,160 రూపాయలు మిగిలాయి. రెండో రోజు సాయంత్రానికి సర్టిఫికెట్ మెయిల్‌లో వచ్చింది. ముహూర్తం కూడా తప్పలేదు.

మీ కంపెనీ ఇందుకు ఒప్పుకోకపోతే కంగారు పడక్కర్లేదు. కొత్త కారుకి బోనస్ లేకుండానే పాలసీ తీసుకోండి. పాతది అమ్మాక సర్టిఫికెట్ తెచ్చుకుని కొత్త కంపెనీని అడగండి. మధ్యలో సర్దకపోయినా తర్వాతి రెన్యువల్‌లో ఆ బోనస్ వాడుకోవచ్చు. తప్పు డిక్లరేషన్ మీద సంతకం మాత్రం ఎంత తొందరలోనూ వద్దు.

అదే ఫారంలో ఇంకో చిన్న గడి ఉంటుంది. ఓనర్ కమ్ డ్రైవర్‌కి 15 లక్షల ప్రమాద బీమా. రెండు కార్లున్నా ఇది ఒక్కదానికి ఉంటే చాలు కాబట్టి, "పాత కారులో ఉంది కదా, ఇందులో తీసేద్దాం" అంటారు. కొన్ని వందలు తగ్గుతాయి. కానీ పాత కారు రేపో మాపో పోయేదే. ఆ బండి వేరేవాళ్ళ పేరుకి వెళ్ళాక, దాని పాలసీలోని ప్రమాద బీమా మనకి పనికిరాదు. పాతది అమ్మే ఉద్దేశం ఉంటే కొత్త కారులోనే ఆ కవర్ పెట్టించుకోండి. ఇంటి మనిషికి ఏదైనా అయితే కుటుంబానికి అందే డబ్బు అది.

సెల్లార్‌లో ఉన్న కారుకి ఇన్సూరెన్స్ ఎందుకు?

పాత కారుకి మంచి రేటు కోసం రెండు మూడు నెలలు ఆగడం మామూలే. ఆ మధ్యలో పాలసీ అయిపోతే, "ఎలాగూ అమ్మేసేదే, కొన్నవాడే కట్టుకుంటాడులే" అని వదిలేస్తారు. వదిలేయకండి. చూడటానికి వచ్చినవాళ్ళు ట్రయల్ అడుగుతారు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలంటారు. రోడ్డెక్కిన బండికి కనీసం థర్డ్ పార్టీ ఉండి తీరాలి. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా చట్టంలో ఉంది. ఆ జరిమానా అసలు సమస్యే కాదు. మనిషికి దెబ్బ తగిలితే పరిహారం లక్షల్లో ఉంటుంది, అదంతా మన జేబులోంచే.

ట్రయల్ సంగతి అడిగేవాళ్ళున్నారు కాబట్టి చెబుతున్నా. పాలసీ బతికి ఉండగా, మన అనుమతితో నడిపే మనిషికి చెల్లే డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే కవర్ ఉంటుంది. కాబట్టి తాళం ఇచ్చే ముందు లైసెన్స్ చూపించమనండి. మొహమాటపడాల్సిన పని లేదు, నేనైతే ఫోన్‌లో ఫొటో కూడా తీసుకుంటాను. లైసెన్స్ లేని మనిషి చేతిలో ప్రమాదం జరిగితే, కంపెనీ బాధితులకి డబ్బిచ్చినా దాన్ని ఓనర్ దగ్గర వసూలు చేసుకునే వీలుంది.

ఖర్చు తగ్గాలంటే ఒట్టి థర్డ్ పార్టీ తీసుకోవచ్చు. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897, జీఎస్టీ అదనం. కానీ దాంతో మన బండికి రక్షణ ఉండదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ళ ముందు పెట్టిన కార్లు పెట్టినచోటే మునిగిపోయాయి. కదలని కారుకి ఏమవుతుందిలే అనుకున్నవాళ్ళకి ఆ వారం చాలా నేర్పింది. వానాకాలంలో అమ్మకానికి పెట్టిన కారుకి, రేటు మూడు నాలుగు లక్షలు పలికే కారుకి, థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ రెండూ ఉన్న ఫుల్ ఇన్సూరెన్సే మంచిదని నా అభిప్రాయం.

ఒకసారి పాలసీ తెగిపోయాక మళ్ళీ ఫుల్ ఇన్సూరెన్స్ కావాలంటే బండిని తనిఖీ చేయించాలి. 90 రోజులు దాటితే పాత బోనస్ కూడా పోతుంది. బేరంలో కూడా దెబ్బే. "ఇన్సూరెన్స్ లేదు కదండీ" అని కొనేవాడు ప్రీమియం కంటే రెట్టింపు తగ్గించమంటాడు.

తాళం ఇచ్చాక

బండి అమ్మితే ఇన్సూరెన్స్ ఏమవుతుందో మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ చెబుతుంది. అమ్మిన క్షణం నుంచి పాలసీ కొన్నవాళ్ళ పేరుకి బదిలీ అయినట్టే లెక్క. కొన్నవాళ్ళు 14 రోజుల్లో కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి. ఇది చదివి చాలామంది, ఆటోమేటిక్‌గా మారిపోతుంది కదా అని నిమ్మళంగా ఉంటారు. కానీ ఈ బదిలీ థర్డ్ పార్టీ వరకే అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. సొంత బండి డ్యామేజీ అనేది కంపెనీకి, పాలసీ తీసుకున్న మనిషికి మధ్య ఒప్పందం. కొత్త ఓనర్ పేరు అందులో చేరేదాకా అతను క్లెయిమ్ చేయలేడు.

అప్పుడు పాత ఓనర్ చేయగలడా? కంపెనీ "బండి అమ్మేశావు, నీకేం నష్టం?" అంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక లారీ ఓనర్‌కి ఇలాగే జరిగింది. అమ్మకం ఒప్పందం అయింది కానీ ఆర్‌సీ మారలేదు. 2011లో లారీ నదిలో పడిపోయింది. కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే ఓనర్ అని చెప్పి సుప్రీంకోర్టు ఆయనకి అనుకూలంగా తీర్పిచ్చింది, 2020లో. గెలిచాడు, నిజమే. కానీ తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆర్‌సీ పేరు ఇలా ఒకసారి కాపాడుతుంది, ఇంకోసారి ముంచుతుంది. ప్రమాదంలో ఎవరైనా చనిపోయినా గాయపడినా పరిహారం ఎవరు కట్టాలన్న ప్రశ్నకి సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో జవాబు చెప్పింది. ఆ కేసులో కారు నాలుగు చేతులు మారింది. ఎవరూ ఆర్‌సీ మార్పించుకోలేదు. మొదటి ఓనర్ సంతకం పెట్టిన ఫారం చూపించి, అమ్మేశాను మొర్రో అన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. ప్రమాదం జరిగిన రోజు రిజిస్టర్‌లో పేరున్నవాడే ఓనర్, బాధ్యత అతనిదే అంది. దెబ్బ తగిలిన కుటుంబం కారు ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాలా అన్నది అందులో ఉన్న న్యాయం. నాకైతే అది సరైన తీర్పే అనిపిస్తుంది. అందుకే అమ్మేవాళ్ళం మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇక మా బావ ఫోన్‌కి వచ్చిన మెసేజ్ దగ్గరికి వద్దాం. నవంబర్‌లో తాళం ఇచ్చిన రోజు ఆయనకి పెద్ద ప్రమాదమేమీ లేదు. ఎందుకంటే ఆర్‌సీ ఆయన పేరు మీద ఉన్నా పాలసీ బతికి ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ కవర్ ఉంది. అందులో మరణానికీ గాయాలకీ పరిమితి లేదు, ఆస్తి నష్టానికైతే ఏడున్నర లక్షల వరకు. ఆర్‌సీ మారకుండా పాలసీ అయిపోయిన రోజు నుంచే అసలు భయం. ఆ రోజు నుంచి బండి రోడ్డు మీద ఎవరిని గుద్దినా, పక్కన కంపెనీ ఉండదు, పేరు మాత్రం మనదే ఉంటుంది. అమ్మేవాళ్ళు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాల్సిన తేదీ ఇదే, పాలసీ గడువు తేదీ.

ఈ పరిస్థితి ఎక్కువగా కన్సల్టెన్సీలకి అమ్మినప్పుడు, షోరూమ్ ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చినప్పుడు వస్తుంది. వాళ్ళు కారు వాడుకోవడానికి కొనరు, ఇంకొకరికి అమ్మడానికి కొంటారు. మధ్యలో తమ పేరుకి మార్చుకుంటే ఒక ఓనర్ పెరుగుతాడు, రేటు తగ్గుతుంది. అందుకే ఫారం 29, 30 మీద మన సంతకాలు తీసుకుని, కొన్నవాళ్ళ పేరు ఖాళీగా ఉంచి, అసలు గిరాకీ దొరికేదాకా అలాగే పెట్టుకుంటారు. ఆ ఖాళీ నెలలు కావచ్చు. దీన్ని ఆపడానికే కేంద్రం 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకి రిజిస్ట్రేషన్ పెట్టింది. అనుమతి ఉన్న డీలర్‌కి బండి అప్పజెప్పినట్టు ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, ఆ బండికి బాధ్యత డీలర్‌దే. కాబట్టి మీరు ఇచ్చే డీలర్‌కి ఆ అనుమతి ఉందా, 29సి నింపుతాడా అని ముందే అడగండి. "అవన్నీ ఎందుకు సార్, మేం చూసుకుంటాం" అన్నాడంటే ఇంకో డీలర్‌ని చూసుకోవడం మేలు.

నేరుగా మనిషికి అమ్మితే పని సులువు. అమ్మినవాళ్ళు రాష్ట్రంలోపలైతే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకి తెలియజేయాలి. కొన్నవాళ్ళకి 30 రోజులు. విజయవాడ బండి హైదరాబాద్ వాళ్ళు కొన్నా ఇప్పుడది వేరే రాష్ట్రమే, ఆర్టీఏ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. నాకు తెలిసిన మంచి పద్ధతి ఏంటంటే, డబ్బులో కొంత, పదివేలో ఇరవై వేలో, ఆర్‌సీ మారాక ఇచ్చేలా మాట్లాడుకోవడం. లేదా ఇద్దరూ కలిసి ఆర్టీఏ స్లాట్ బుక్ చేసుకుని, ఆ పని పూర్తయ్యాకే తాళం ఇవ్వడం. డెలివరీ నోట్ మీద తేదీతో పాటు టైమ్ కూడా రాయించండి. మా బావ నోట్‌లో "సాయంత్రం 5.40, రీడింగ్ 68,214" అని ఉంది. ఆ రోజు రాత్రి ఎనిమిదింటికి పడిన స్పీడ్ చలానా ఆయనది కాదని చెప్పడానికి ఆ ఒక్క లైనే ఆధారమైంది. ఫాస్టాగ్ కూడా అదే రోజు మూసేయండి.

ఆర్‌సీ కొన్నవాళ్ళ పేరుకి మారాక, వాళ్ళు తమ పేరు మీద కొత్త పాలసీ తీసుకుంటే మీ పాత పాలసీ రద్దు చేయించుకోవచ్చు. క్లెయిమ్ లేకపోతే మిగిలిన నెలలకి కొంత డబ్బు వెనక్కి వస్తుంది. లేదా అదే పాలసీ వాళ్ళ పేరుకి మార్పించవచ్చు. అప్పుడు మీ బోనస్ అందులోంచి పోతుంది కాబట్టి, ఆ తేడా వాళ్ళు కట్టాలి. బేరం రోజే ఇది చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు.

మా బావ ఆ మెసేజ్ డిలీట్ చేయలేదు. కన్సల్టెన్సీకి ఫోన్ చేశాం. మొదట రెండు రోజులు ఎత్తలేదు. మూడో రోజు షాపుకే వెళ్ళాం. కారు జనవరిలోనే జగ్గయ్యపేట వాళ్ళకి అమ్మేశారట. కాగితాలు మాత్రం షాపు డ్రాయర్‌లోనే ఉన్నాయి, ఫారం 29 మీద బావ సంతకం, పక్కన ఖాళీ గీత. కొన్నాయన నంబర్ తీసుకుని మాట్లాడాం. పాపం, ఆయనకీ ఏమీ తెలియదు. ఇన్సూరెన్స్ ఉన్న సంగతి తెలుసు కానీ అది ఎప్పుడు అయిపోతుందో చూసుకోలేదు. పిల్లల్ని రోజూ స్కూల్‌కి అదే కారులో తీసుకెళ్తున్నాడు.

గడువుకి మూడు రోజుల ముందు బావే తన పేరు మీద థర్డ్ పార్టీ రెన్యువల్ చేశాడు. 3,416కి జీఎస్టీ కలిపి నాలుగు వేల పైచిలుకు. అమ్మేసిన బండికి ఎందుకు కట్టాలని అక్క అడిగింది. ఆర్‌సీ కాగితం చూపించాం, ఇంక మాట్లాడలేదు. జగ్గయ్యపేట ఆయన ఆ డబ్బు ఫోన్‌పేలో పంపి, ఏప్రిల్‌లో స్లాట్ బుక్ చేసుకున్నాడు. ఓనర్ పేరు మారిన రోజు ఆయనే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. బావ బండి నంబర్ మళ్ళీ కొట్టి చూశాడు. ఈసారి చుక్కల మధ్య ఉన్నవి వేరే అక్షరాలు.